చైనీస్‌లో పీడకలకి ఏ మాట వాడాలి?

అన్నా, యాప్‌లో ఒక అక్షరం, డిక్షనరీలో ఇంకో అక్షరం ఉందన్నారు కదా, రెండూ తప్పు కాదు. రెండింటినీ 'అ-మంగ్' అనే పలుకుతారు, రెండు ముక్కల్లోనూ గొంతు పైనుంచి కిందికి దిగాలి. మంగ్ అంటే కల. తేడా అంతా మొదటి అక్షరంలోనే. ఒకదానికి 'చెడ్డ' అని అర్థం. రెండోది, 'రాజు' అక్షరం చుట్టూ నాలుగు 'నోరు' అక్షరాలు పేర్చినట్టు కనిపించేది, ఉలికిపాటుకి గుర్తు. చావుకబురు అనే మాటలోనూ అదే వస్తుంది. రాసేటప్పుడు ఈ రెండోదే వాడండి. 'జౌ లీ' అనే ప్రాచీన గ్రంథం కలల్ని 6 రకాలు చేసింది, అందులో ఇదొకటి. తమాషా ఏంటంటే, భయపు కల అక్కడ వేరే రకం!

మీ రూమ్మేట్ అన్న 'గ్వే యా చ్వాంగ్' మాత్రం వేరు. దయ్యం మంచాన్ని అదమడం అని. మెలకువ వచ్చినా ఒళ్లు కదలదు చూడండి, అదీ సంగతి. గుండెల మీద దయ్యం కూర్చుందని మనవాళ్లు అనేదీ, డాక్టర్లు స్లీప్ పెరాలిసిస్ అనేదీ ఇదే. మామూలు పీడకలకి వాడకండి.

అన్నట్టు, పీడకల వచ్చిందంటే అక్కడ "మంగ్ షీ ఫాన్ ద" అని ఊరడిస్తారు, కలలు తిరగబడతాయని. కలలో చస్తే ఆయుష్షు పెరుగుతుందని మా అమ్మమ్మ అనేది, ఆ లెక్కే.