యూరియా మూట ఒక్కసారే ఒంపొద్దు పాపా

పాపా,

తాడిపత్రి దగ్గర లారీల షెడ్డులో డీజిల్ తాగిన మన్నును సూక్ష్మజీవులతో తినిపించి బాగుచేసే పని నువ్వు ఒప్పుకున్నావని మీ నాయన రాత్రి చెప్పినాడు. శానా సంతోషపడినా. పడుకున్నాక ఆ షెడ్డు వెనకాల బోరు గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. అందుకే ఈ జాబు.

కారే ట్యాంకును ముందు తీయించు. అందులోకి మనిషిని మాత్రం దింపొద్దు, ఎవరెంత తొందరపెట్టినా సరే. గుంతలో నీళ్లమీద తేలే డీజిల్‌ను తోడి డ్రమ్ములకు పట్టించు, అంత మందాన తేలే నూనె సూక్ష్మజీవుల పని కాదు. తవ్విన మన్ను కింద మందపాటి ప్లాస్టిక్ పట్ట, చుట్టూ గట్టు, ఊట దిగడానికి ఒక మూల చిన్న గుంత ఉండాల.

ప్యాకెట్లలో సూక్ష్మజీవులు కొనాలా అని అడిగినావంట. టెరి అనే పరిశోధన సంస్థ వాళ్ల ఆయిల్‌జాపర్ ప్యాకెట్లో అయిదు రకాల బాక్టీరియాను మొక్కజొన్న బెండు పొడిలో పట్టించి ఇస్తారు, మంచిదే. కానీ ఏండ్ల తరబడి డీజిల్ కారిన మన్నులో దాన్ని తినే జీవులు ఇప్పటికే ఉంటాయి. 1989లో అలాస్కా తీరాన ఎక్సాన్ వాల్డీజ్ ఓడ నూనె ఒలికినప్పుడు కూడా ఎరువు చల్లి అక్కడి జీవులతోనే పని చేయించినారు. వాటికి కరువైంది నత్రజని, భాస్వరం, గాలి, తడి.

ఎరువు లెక్క చెప్తా, రాసుకో. టన్ను మన్నులో 10 కిలోల డీజిల్ ఉందనుకో. అందులో కార్బన్ ఎనిమిదిన్నర కిలోలు. వంద పాళ్ల కార్బన్‌కు పది పాళ్ల నత్రజని, ఒక పాలు భాస్వరం అనేది వాడుక లెక్క. ఆ ప్రకారం 850 గ్రాముల నత్రజని కావాల, అంటే యూరియా 1.85 కిలోలు. భాస్వరానికి సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ ఎరువు 1.2 కిలోలు.

లెక్క తప్పు లేదు పాపా. ఇంతకుముందు ఒకచోట ఇదే పనిలో మేము మునిగింది ఈ తప్పులేని లెక్కతోనే. మొత్తం ఎరువు ఒక్కరోజే వేసినాం. జీవులు బతికేది మన్నులో కాదు, మన్ను రేణువుల చుట్టూ ఉండే తడిలో. టన్నుకు 150 లీటర్ల తడి ఉంటే 850 గ్రాముల నత్రజని ఆ తడిలోనే కరగాల. లీటరుకు దగ్గర దగ్గర ఆరు గ్రాములు. అంత ఉప్పదనంలో జీవి ఒంట్లోని నీళ్లు బయటికి లాక్కుపోతాయి. పైగా మన నల్లరేగడి క్షారం నేల, యూరియా అమోనియాగా మారి కండ్లు మండించింది. నెలరోజులు మన్ను పరీక్షలో డీజిల్ అంకె కదల్లేదు. తిండి చాల్లేదేమో అని ఇంకో మూట వేసినాం. తర్వాత వాన పట్టుకుంది, గట్టు తెగింది. కింద సున్నపురాయి బండ, నీళ్లు పగుళ్ల వెంబడి పరిగెత్తే నేల. పక్కింటి బావినీళ్లు పరీక్షిస్తే, మా యూరియా నుంచి పుట్టిన నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాముల హద్దు దాటింది. ఆ ఇంట్లో రెండు నెలల పసిబిడ్డ. పాలపొడి ఆ నీళ్లతోనే కలుపుతున్నారు. కాచే తాపుతున్నామని ఆ తల్లి ధీమాగా చెప్పింది. కాచితే నైట్రేట్ పోదు తల్లీ, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడతాది. బిడ్డకేమీ కాలేదు. ఆ ఇంటికి నీళ్లు మోయించినాం. ఇప్పటికీ ఎవరన్నా యూరియా మూట విప్పితే నా కన్ను దగ్గర్లో బావి ఎక్కడుందా అని వెతుకుతాది.

కాబట్టి ఎరువును మూడు సమాన వంతులు చేసి ఒక్కోసారి ఒక్కో వంతే వెయ్. నీళ్లలో కరిగించి, మన్ను తిరగేస్తూ చల్లు, పైపైన పొయ్యొద్దు. రెండో వంతు వేసేముందు మన్నులో నత్రజని ఎంత మిగిలిందో చూపించు. సున్నం ఉన్న నేల భాస్వరాన్ని పట్టేసుకుంటాది, అదీ మూడు వంతులే.

తడికి చేతినే నమ్ము. పిడికెడు మన్ను పిసికితే ముద్ద నిలవాల, వేళ్ల సందున నీళ్లు రాకూడదు. నల్లమన్నులో నిమ్మకాయంత గడ్డ మిగిలినా లోపలికి గాలి పోదు. చిదిపి చూడు, నడుమ నల్లగా ఉండి కుళ్లిన గుడ్డు వాసన కొడతాది. నాలుగు గంపల మన్నుకు గంప శెనక్కాయ పొట్టు కలుపు, గుల్లబారుతాది. పొట్టు కలిపినందుకే అంకె తగ్గి కనపడతాది, దాన్ని చూసి మురిసిపోయేవు. కలిపిన తర్వాత తీసిన శాంపిలే నీ మొదటి అంకె. ఎరువెయ్యని చిన్న కుప్ప ఒకటి పక్కన పెట్టు, గాలికి ఎగిరిపోయిందెంతో, జీవులు తిన్నదెంతో అప్పుడు తెలుస్తాది. కుప్ప నడుము ఎత్తు దాటొద్దు, మొదటి నెల వారానికోసారి చలికెపారతో తిరగేయించు.

భూమిలోపలి నీళ్ల మాట వేరే. 10 కిలోల డీజిల్ తినడానికి 35 కిలోల దాకా ఆక్సిజన్ కావాల. లీటరు నీళ్లలో గాలి నుంచి కరిగేది 8 మిల్లీగ్రాములే. అంటే ఆ ఆక్సిజన్‌కు 43 లక్షల లీటర్ల పైమాట నీళ్లు కావాల. బోర్లో పైపు పెట్టి గాలి ఊదితే నాలుగు రోజుల్లో అయిపోతాదని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు. మన బండలో ఆ గాలి ఏ పగుల్లోకి పోతాదో ఎవరూ చెప్పలేరు.

ఎండాకాలం నీటిమట్టం దిగితే డీజిల్ కూడా దిగుతాది, వానలకు నీళ్లు లేచినప్పుడు అడుగునే చిక్కుకుంటాది. అందుకని ఆ వెనకాల బోరు నీళ్లు మే నెలలో ఒకసారి, వానలైనాక ఒకసారి పట్టి, డీజిల్‌లో ఉండే బెంజీన్ అనే విషం ఎంతుందో చూపించు. లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటితే ఆ బోరు నీళ్లు తాగడం ఆపేయమని ముందు అవి తాగే ఇంటోళ్లకు చెప్పు, రిపోర్టు తర్వాత రాసుకోవచ్చు. సీసా అంచు దాకా నింపి, బుడగ లేకుండా మూత బిగించు. బుడగ ఉంటే బెంజీన్ దాంట్లోకి ఎగిరి అంకె తక్కువ వస్తాది. పరీక్షకు చేరేదాకా ఐసు పెట్టెలో పెట్టు.

తలకు తువ్వాల చుట్టుకో. మొదటి అంకెలు రాగానే నాకు పంపించు.

మీ చిన్నాయన