యూరప్‌లో పెద్ద కంపెనీ ఇచ్చే డిస్కౌంట్ ఎప్పుడు తప్పవుతుంది?

మార్కెట్లో పెద్ద కంపెనీగా ఉండటం యూరోపియన్ యూనియన్ చట్టం ప్రకారం తప్పు కాదు. ఆ బలాన్ని దుర్వినియోగం చేయడాన్నే ఈయూ ఒప్పందంలోని 102వ అధికరణ నిషేధిస్తుంది. మరి ధర తగ్గించడం దుర్వినియోగం ఎలా అవుతుంది?

హాఫ్‌మన్-లా రోష్ అనే మందుల కంపెనీ కేసులో 1979లో వచ్చిన తీర్పు కఠినమైనది. ‘మొత్తం సరుకు మా దగ్గరే కొంటే తగ్గింపు’ అనే షరతు పెట్టడమే తప్పంది.

ఇంటెల్ కేసు ఈ ఆలోచనను మార్చింది. హెచ్‌పీ తన బిజినెస్ డెస్క్‌టాప్‌లకు కనీసం 95 శాతం చిప్‌లు ఇంటెల్ నుంచే కొనాలి, అప్పుడే రిబేటు. ఇలాంటి షరతులపై, ఈ చట్టాన్ని అమలు చేసే యూరోపియన్ కమిషన్ 2009లో 106 కోట్ల యూరోల జరిమానా వేసింది. కానీ కంపెనీ ఆధారాలతో ఎదురు వాదిస్తే, అంతే సమర్థత ఉన్న పోటీదారును కూడా ఆ రిబేటు బయటకు నెట్టగలదా అని కమిషన్ పరిశీలించాల్సిందేనని 2017లో ఈయూ అత్యున్నత న్యాయస్థానం చెప్పింది. దీనిపై కమిషన్ 2009 నిర్ణయంలో వేసిన లెక్కల్లో లోపాలున్నాయని 2022లో కింది కోర్టు జరిమానా కొట్టేసింది, 2024లో అదే ఖాయమైంది.

ప్రభావం చూసి తీర్పివ్వడమే న్యాయమని నా అభిప్రాయం. కానీ పదిహేనేళ్లు పట్టింది! చిప్‌ల మార్కెట్లో అంత కాలం ఏ పోటీదారు ఆగగలడు? టెక్ దిగ్గజాలకు ముందే నిషేధాలు రాసిపెట్టిన డిజిటల్ మార్కెట్స్ యాక్ట్ తేవడానికి ఈ ఆలస్యం కూడా ఒక కారణం.