యూరియా కుడితిలో వద్దు, గడ్డిలో మాగనివ్వండి

సందేహం: మాకు నాలుగు ముర్రా గేదెలున్నాయి. మేత అంతా వరిగడ్డే. గానుగ చెక్క కొనలేకపోతున్నాం. యూరియాతో మాంసకృత్తులు అందుతాయంటున్నారు. గడ్డి మాగబెట్టే శ్రమ లేకుండా రోజూ గుప్పెడు కుడితిలో కలిపితే చాలదా?
– ఒక రైతు, తెనాలి

జవాబు: కుడితిలో కలపకండి, గేదె ప్రాణం మీదికొస్తుంది.

యూరియా మాంసకృత్తు కాదు, 46 శాతం నత్రజని ఉన్న ఎరువు. మాంసకృత్తులకు మూలమైన అమైనో ఆమ్లాలను అందులోంచి తయారుచేసేది గేదె పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు. యూరియా నుంచి వచ్చే అమ్మోనియా, మేత పులిసినప్పుడు వచ్చే శక్తి రెండూ ఒకేసారి అందితేనే ఆ సూక్ష్మజీవులు పెరుగుతాయి. తర్వాత అవే అరిగి గేదెకు మాంసకృత్తులవుతాయి. కుడితితో దిగిన యూరియా చూస్తుండగానే అమ్మోనియాగా మారుతుంది. వాడుకోగా మిగిలింది రక్తంలోకి ఎక్కి వణుకు, నురగ, పొట్ట ఉబ్బరం, ఆయాసం మొదలవుతాయి. వెంటనే పశువైద్యుణ్ణి పిలవాలి.

ఇక గడ్డి సంగతి. అన్నంలోని పిండి, గడ్డిలోని సెల్యులోజు రెండూ గ్లూకోజు గొలుసులే, ముడి వేసిన తీరే వేరు. సెల్యులోజు ముడి మన పొట్టకు లొంగదు, గేదె పొట్టలోని జీవులకు లొంగుతుంది. అయితే వరిగడ్డిలో లిగ్నిన్ అనే అరగని పదార్థం దాన్ని గట్టిగా పట్టేసి ఉంచుతుంది. యూరియా చల్లి మాగబెడితే, దానినుంచి వచ్చే అమ్మోనియా ఆ పట్టు సడలిస్తుంది, గడ్డిలో నత్రజనీ పెరుగుతుంది.

100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా, 40 లీటర్ల నీళ్లు. అంటే 45 కిలోల బస్తా 11 క్వింటాళ్లకు వస్తుంది. పలుకు మిగలకుండా కరిగించండి. పలుకులు ఒకచోట చేరితే అదీ విషమే. గడ్డిని పొరలుగా పరిచి, ప్రతి పొర మీదా ద్రావణం చిలకరించి, గాలి పోయేలా బాగా తొక్కండి. పాలిథీన్ పట్టా కప్పి అంచులు మట్టితో మూసి 21 రోజులు కదపవద్దు. తీసినప్పుడు ముదురు పసుపు రంగు, ముక్కు మండే ఘాటు ఉంటే మాగినట్టే. ఘాటు లేక తెల్ల బూజు కనిపిస్తే పట్టాలోకి గాలి దూరింది, ఆ భాగం పారేయండి. మెషిన్ కోత తర్వాత వానకు తడిసి నల్లబడిన గడ్డిని అసలు వామిలో చేర్చవద్దు.

ఏ రోజు గడ్డి ఆ రోజు తీసి, గంటసేపు ఆరబెట్టి పెట్టండి. మొదట్లో సగం మామూలు గడ్డి కలిపి వారంలో అలవాటు చేయండి. తవుడు, ఖనిజ మిశ్రమం మానవద్దు. మాగాణిలో పిల్లిపెసర అనే పప్పుజాతి పచ్చిమేత చల్లుకుంటే చెక్క ఖర్చు ఇంకా తగ్గుతుంది. పచ్చి సోయా చిక్కుళ్లు మాత్రం దీనితో పెట్టవద్దు, వాటిలోని ఎంజైము యూరియాను ఒక్కసారిగా విడగొడుతుంది. ఆరు నెలల లోపు దూడలకు ఈ గడ్డి వేయకండి, వాటి పెద్దపొట్ట ఇంకా సిద్ధం కాదు.