తుర్క్‌మెన్ పలకాలంటే తెలుగు లిపిలో రాసుకోండి

ప్రశ్న ఇదీ: "మా తమ్ముడికి తుర్క్‌మెనిస్తాన్‌లో ఒక గ్యాస్ ప్రాజెక్టులో ఉద్యోగం వచ్చింది. వెళ్లేలోపు అక్కడి అక్షరాలు, ఉచ్చారణ నేర్చుకోగలడా? యూట్యూబ్‌లో టర్కిష్ పాఠాలు చూస్తే సరిపోతుందా?"

సరిపోదు. రెండూ దగ్గరి భాషలే, ఒకే కుటుంబంలో ఒకే కొమ్మకు చెందినవే. కానీ టర్కిష్ నేర్చుకుని వచ్చినవాళ్లే తుర్క్‌మెన్ అక్షరాలు చూసి ఎక్కువ తప్పులు చదవడం నేను కళ్లారా చూశాను. నేను 2012 నుంచి రెండేళ్లు అక్కడ పైపింగ్ ఫోర్‌మన్‌గా పనిచేశాను. మా సైటు ఉన్నది ఏ ఊరికి దగ్గర అంటే, ఇక్కడే మొదలవుతుంది కథ. ఆ ఊరి పేరు ఇంగ్లీషులో ఎం, ఏ, ఆర్, వై అని రాస్తారు. క్యాంపులో ఉన్న భారతీయులందరం "మేరీ" అనేవాళ్లం. ఆ ఊరివాళ్లు మాత్రం "మరు" అంటారు. పాత మెర్వ్ నగరం శిథిలాలు ఆ పక్కనే ఉన్నాయి. వేల ఏళ్ల చరిత్ర ఉన్న ఊరిని చర్చిలో వినిపించే పేరు పెట్టి పిలిచాం, ఆరు నెలలపాటు.

ఆ చివరి "వై" అక్షరమే అసలు చిక్కు. తుర్క్‌మెన్‌లో అది హల్లు కాదు, అచ్చు. "ఉ" అనబోతూ పెదాలు గుండ్రంగా చుట్టకుండా అలాగే విప్పి ఉంచితే వచ్చే శబ్దం. తమిళంవాళ్లు "అదు", "ఇదు" అనేటప్పుడు చివర్లో నలిగినట్టు వినిపించే ఉకారం ఉంటుంది చూడండి, దాదాపు అదే. మనకు "య" కావాలంటే వాళ్లు వై మీద ఒక చిన్న గీత పెడతారు. ఆ గీత కంప్యూటర్‌లో ఎగిరిపోయిందంటే అచ్చు, హల్లు రెండూ ఒకటే అయిపోతాయి. టర్కిష్‌లో వై అంటే ఎప్పుడూ "య"నే. అందుకే టర్కిష్ వచ్చినవాళ్లు అక్కడ బోల్తా పడతారు.

ఇదేదో అక్షరాల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. దీనివల్ల ఒక పిల్లవాడి కూలి డబ్బులు పోయాయి.

అది ఫిబ్రవరి. పొద్దున ఆరున్నరకి గేటు దగ్గర హాజరు తీసుకునేవాళ్లు. ఎడారి చలి, నోరు తెరిస్తే పొగ. మా టైమ్‌కీపర్ ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం చూసి గబగబా పేర్లు చదివేవాడు. ఒకరోజు "మైరాట్" అన్నాడు. ఎవరూ పలకలేదు. మళ్లీ "మైరాట్" అన్నాడు. పలకలేదు. గళ్లో సున్నా చుట్టి తరవాతి పేరుకి వెళ్లిపోయాడు. ఆ పేరున్న కుర్రాడు నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు, చేతులు చంకల్లో దూర్చుకుని, ఎవర్నో పిలుస్తున్నారనుకుని. వాడి పేరు మురాత్. అక్కడ వీధికి ఇద్దరు ముగ్గురికి ఉండే పేరు. తన పేరు తనకే అర్థం కాకుండా చదివితే ఎవరు మాత్రం పలుకుతారు?

ఇలా మూడు రోజులు జరిగింది. మొదటివారం కొత్త హెల్పర్లు ఎవరెవరో నాకూ సరిగ్గా తెలియదు. నెలాఖరుకి వాడు జీతం చీటీ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. కోపంగా లేడు. మూడు సున్నాల మీద వేలు పెట్టి, నా ముఖంలోకి చూసి, నెమ్మదిగా "మురాత్" అన్నాడు. మళ్లీ ఒకసారి "మురాత్" అన్నాడు. అంతే. ఆ రోజుల్లోనూ వాడు నా పక్కనే గ్రైండింగ్ చేశాడని ఆఫీసుకి వెళ్లి వాదించాను. రెండు రోజుల కూలి తిరిగి ఇచ్చారు. మూడో రోజు కాగితం దొరకలేదన్నారు. ఇన్నేళ్లయినా ఆ మూడో రోజు నాకు గుర్తొస్తూనే ఉంటుంది.

ఆ సాయంత్రమే మా వ్యాను డ్రైవరు దగ్గర కూర్చున్నాను. అరవై దాటిన మనిషి. పెద్దవాళ్లని అక్కడ "యాషులు" అని గౌరవంగా పిలుస్తారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. వ్యానులో హీటరు వేసి, గ్రీన్ టీ కెటిల్ మధ్యలో పెట్టాడు. మొదటి గిన్నె పోసి దాన్ని మళ్లీ కెటిల్‌లోకే వంచాడు, తరవాత నాకు పోశాడు. నా దగ్గర లాంగ్ నోట్‌బుక్, నలభై పేర్ల లిస్టు. ఆయన ఒక్కో పేరు పలుకుతుంటే నేను తెలుగులో రాసుకున్నాను. ఆ చిత్రమైన ఉకారానికి మాత్రం కింద చుక్క పెట్టుకున్నాను.

మధ్యలో ఆయన ఆగి, రెండు మాటలు చెప్పాడు. నాకు ఒకటి "అత్" అని వినిపించింది, ఇంకోటి "ఆత్" అని. ఒకటి గుర్రం, రెండోది పేరు. ఆయన తన కాగితం మీద రెండూ రాసి చూపించాడు. రెండూ ఒకేలా ఉన్నాయి. ఏ, టీ. అంతే! వాళ్ల రాతలో దీర్ఘానికి మామూలుగా గుర్తు ఉండదు. నోట్లో మాత్రం హ్రస్వం, దీర్ఘం ఖచ్చితంగా వేరు. నేను నా పుస్తకంలో ఒకటి "అత్", పక్కన "ఆత్" అని రాసి, చదివి వినిపించాను. ఆయన కళ్లజోడు సరిచేసుకుని ఆ పేజీని దీపం కిందికి లాక్కున్నాడు. అ, ఆ రెంటినీ పక్కపక్కనే చూసి, తేడా ఎక్కడుందో వేలిగోటితో వెతికి, ఆ కొస దగ్గర ఆపి, నా వైపు చూశాడు. తల ఊపాను. ఇంకో పేరు చెప్పి రాయమన్నాడు. ఇంకోటి. అలా రాత్రి భోజనం బెల్లు కొట్టేదాకా రాయించాడు.

తెలుగువాడు ఈ భాష నేర్చుకోవడంలో నా మాట ఒక్కటే: ఇంగ్లీషు అక్షరాలు పక్కన పడేసి తెలుగులో రాసుకోవాలి. ఇంగ్లీషువాడికి, రష్యనుకి ఆ దీర్ఘం చెవిలో పడటానికే నెలలు పడుతుంది. మనకి అ, ఆ దిద్దిన రోజు నుంచే అది ఒంట్లో ఉంది. గుర్రానికి, పేరుకి తేడా రాతలో లేకపోయినా, మాట పెరిగినప్పుడు బయటపడుతుంది. "నా గుర్రం" అంటే "అతుం", "నా పేరు" అంటే "ఆదుం". దీర్ఘం తరవాత త మెత్తబడి ద అయింది. పరిచయం చేసుకునేటప్పుడు "మెనిఙ్ ఆదుం" అని మొదలుపెట్టాలి, త కాదు, ద. గుర్రం ఆ దేశపు రాజముద్ర మధ్యలో ఉన్నంత గొప్పదే, అహల్‌తెకె జాతి గుర్రాలంటే వాళ్లకి ప్రాణం. అయినా మనల్ని మనం గుర్రంగా పరిచయం చేసుకోకూడదు కదా.

"మెనిఙ్" చివర ఉన్నది చూశారా? మన వర్ణమాలలో ఙ అనే అక్షరాన్ని పిల్లలతో వందసార్లు దిద్దించి, తరవాత జన్మలో వాడం. అక్కడ దానికి పొద్దున్నుంచి రాత్రిదాకా పనే. రాతలో ఎన్ మీద చిన్న టిక్కు లాంటి గుర్తు ఉంటుంది.

ఇక "ఎస్". కనిపించగానే "స" అనకండి. నాలుక కొస పై పళ్ల కిందికి తెచ్చి గాలి వదలాలి, ఇంగ్లీషువాళ్లు "థింక్" అనేటప్పుడు అన్నట్టు. మనం థింక్‌ని కూడా గట్టి థ తో కొడతాం, అలా కాదు, గాలి జారాలి. "జెడ్" కూడా అంతే, ఇంగ్లీషు "దిస్"లో మొదటి శబ్దం. అందుకే వాళ్ల సలాం "థలాం" లాగా వినిపిస్తుంది, థ్యాంక్స్ చెప్పడానికి "థాగ్ బొల్", నీళ్లు "థువ్". ఎనిమిదిని రాసేది సెకిజ్ అన్నట్టు, పలికేది "థెకిద్". మొదట్లో మావాళ్లు కొందరు "వీళ్లకి నత్తి" అని నవ్వుకున్నారు. నాకు ఒళ్లు మండింది. దేశం దేశమంతా అలాగే పలుకుతుంటే అది నత్తి ఎలా అవుతుంది? మన చ, జ లను రెండు రకాలుగా పలుకుతామని బయటివాళ్లు నవ్వితే ఊరుకుంటామా?

మిగతావి తొందరగా చెప్పేస్తాను. మొత్తం 30 అక్షరాలు. ఇంగ్లీషులోని సి, క్యూ, వి, ఎక్స్ లేవు. సి కింద తోక ఉంటే చ, ఎస్ కింద తోక ఉంటే ష. డబ్ల్యూ మన వ. జె మన జ. ఏ మీద రెండు చుక్కలుంటే "బ్యాంకు"లో పలికే అచ్చు. కోస్తాలో చాలామంది మేకని దాదాపు మ్యాక అన్నట్టు పలుకుతారు, అదే. ఐదుని "బ్యాష్" అంటారు. యు మీద రెండు చుక్కలుంటే నోట్లో "ఇ" పెట్టుకుని పెదాలు "ఉ" కి చుట్టాలి. ఓ మీద చుక్కలుంటే "ఎ" పెట్టుకుని "ఒ" కి చుట్టాలి. మూడు, నాలుగు అంకెలు రెండిట్లోనూ ఇవే వస్తాయి, రోజూ వేళ్లు లెక్కపెడుతూ అనుకుంటే వారంలో పట్టుబడతాయి. బహువచనం "లర్" లేదా "లెర్", ముందున్న అచ్చుని బట్టి మారుతుంది. కత్తి "కత్తులు" అయినప్పుడు మధ్యలో ఇకారం మారిపోయే భాషవాళ్లం మనం, మనకు కొత్తేం కాదని చెప్పండి మీ తమ్ముడికి.

మాటలు కూడా అన్నీ పరాయివి కావు. కలాన్ని "గలమ్", జవాబుని "జొగాప్", దుకాణాన్ని "దుకాన్" లాంటి మాటతో అంటారు. "కాగుద్" అని యాషులు అనగానే కాగితం తీసి ఇచ్చాను, ఎవరూ అనువాదం చెప్పకుండానే. గోల్కొండని ఏలిన కుతుబ్‌షాహీలలో మొదటివాడు సుల్తాన్ కులీ, కరా కొయున్లు తుర్కమాన్ వంశం నుంచి వచ్చినవాడు. ఆ వంశం పేరుకి అర్థం నల్ల గొర్రెలవాళ్లు. నేటి తుర్క్‌మెన్‌లోనూ నలుపుకి "గర", గొర్రెకి "గొయున్" అనే అంటారు. ఎడారి పేరు "గరగుమ్", నల్ల ఇసుక. వాళ్ల 18వ శతాబ్దపు మహాకవి మఖ్తుమ్‌గులు పేరులో చివర ఉన్న "గులు"నే మన చరిత్ర పుస్తకాల్లో "కులీ" అని చదివాం. సేవకుడు, దాసుడు అని. మన రామదాసు, హరిదాసుల్లో దాసు లాగా.

ఒక విషయం మాత్రం నన్ను బాధపెట్టింది. యాషులు రాసుకునే చేతిరాత రష్యన్ లిపిలో ఉండేది. ఆయన బడికి వెళ్లినప్పుడు అదే. అంతకుముందు 1920ల చివరిదాకా అరబిక్ లిపి, తరవాత లాటిన్, 1940 నుంచి రష్యన్‌వాళ్ల సిరిలిక్, 1993లో మళ్లీ కొత్త లాటిన్. ఆ 1993 నాటి మొదటి లిపిలో ష కి పెద్దక్షరంగా డాలరు గుర్తు, చిన్నక్షరంగా సెంటు గుర్తు పెట్టారు! పౌండు, యెన్ గుర్తులు కూడా అక్షరాలే అప్పుడు. కొన్నేళ్లకి అవి తీసేసి ఇప్పటి తోకలు, గీతలు పెట్టారు. నూరేళ్లు నిండకుండానే నాలుగు మార్పులు. ముత్తాత ఉత్తరం తాత చదవలేడు, తాత ఉత్తరం మనవడు తడుముకుంటూ చదవాలి. మురాత్ యాషులు రాసిన పేజీని ఇలాగే కూడబలుక్కుంటూ చదవడం చూశాను.

ఇది చూసి వచ్చాక మనవాళ్లు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. మా అమ్మాయి ఒకసారి మెసేజ్ పెట్టింది. అది పాట అనో, పాత అనో, పట అనో తేల్చుకోలేక ఫోన్ చేయాల్సి వచ్చింది. కల, కాల, కళ అన్నీ ఒకే నాలుగక్షరాలైపోతే ఎలా? వాళ్లకి లిపిని పైనుంచి రుద్దారు. మనం బంగారంలాంటి లిపిని, దీర్ఘం కూడా దాచుకునే లిపిని, మనంతట మనమే వదిలేస్తున్నాం. ఫోన్లో తెలుగు కీబోర్డు పెట్టుకోవడానికి రెండు నిమిషాలు పట్టదు.

సరే, మీ తమ్ముడి సంగతి. అప్పట్లో మాకు ఏ సాయమూ లేదు. 2020లో ఒడియాతో పాటు తుర్క్‌మెన్ కూడా గూగుల్ ట్రాన్స్‌లేట్‌లోకి వచ్చింది, మాటలకి అర్థాలు చూసుకోవడానికి వాడుకోవచ్చు. ఉచ్చారణకి మాత్రం మనిషి నోరే కావాలి. వెళ్లిన మొదటిరోజే టీమ్‌లో ఒక పెద్దాయన పక్కన కూర్చుని, అందరి పేర్లూ పలికించుకుని తెలుగులో రాసుకోమనండి. నేను మర్నాడు పొద్దున టైమ్‌కీపర్ చేతిలోంచి కాగితం తీసుకుని నా నోట్‌బుక్ చూసి చదివాను. అక్కడ అవును అనడానికి "హవా" అంటారు. నలభైమందీ హవా అన్నారు. మురాత్ దగ్గరికి వచ్చేసరికి నేను పూర్తిగా పలకకముందే అన్నాడు.

వీసా పని అయ్యాక పేర్ల లిస్టు ముందే దొరికితే నాకు మెసేజ్ చేయండి. ఇంటిపేర్లు, నంబర్లు అక్కర్లేదు, పేర్లు చాలు. ఒక్కొక్కటీ తెలుగులో రాసి పంపుతాను.