పిన్ని సోల నా దగ్గరుంది

రాజమహేంద్రవరం,
ఆషాఢ మాసం.

చి. ల. సౌ. బుజ్జికి అక్క ఆశీర్వదించి రాసేది.

మొన్న మే నెలలో నువ్వు ఫోన్ చేసి "అక్కా, అమ్మ ఆవకాయ కొలత నీకు తెలుసా?" అని అడిగావు. నాలుగు సోలల ముక్కకి సోల ఆవపిండి, సోల కారం, సోలకి కాస్త తక్కువ ఉప్పు అని చెప్పాను. రాసుకున్నావు. కొత్తపల్లి కొబ్బరి కాయలే తెప్పించావు, పప్పునూనే పోశావు, మూడో రోజు తిరగ్గలిపావు. మళ్లీ ఫోన్ చేసి "అన్నీ సరిగ్గానే వేశాను, కానీ ఇది అమ్మది కాదక్కా" అని ఏడ్చావు. ఆ రోజు నాకు ఏం చెప్పాలో తోచలేదు. అప్పట్నుంచీ ఆ మాటే మనసులో తిరుగుతోంది. ఫోన్‌లో చెబితే నువ్వూ ఏడుస్తావు, నేనూ ఏడుస్తాను, చెప్పాల్సింది మిగిలిపోతుంది. అందుకే ఉత్తరం.

మీ అమ్మ, నా పిన్ని, పోయి ఎనిమిది నెలలైంది. మా అమ్మ పోయింది 1998లో. ఈ ఇరవై ఎనిమిదేళ్లలో నేను ఏ ఏ తప్పులు చేశానో నాకు తెలుసు. అవి నువ్వు చేయకూడదని నా తాపత్రయం.

మొదటి తప్పు తొందర. అమ్మ పోయిన నెలలోపే బీరువా ఖాళీ చేసేశాం. "చూస్తే బాధ, ఇచ్చేయండి" అని పెద్దవాళ్లు అన్నారు, ఇచ్చేశాం. ఎవరికి ఏ చీర వెళ్లిందో కూడా తెలీదు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి జరిగింది. అమ్మ మంగళహారతి పాడుతుంటే రికార్డు చేసిన క్యాసెట్ ఒకటి ఉండేది. మా అబ్బాయి దాని మీద సినిమా పాటలు ఎక్కించుకున్నాడు. వాడికి పదకొండేళ్లు, వాడికేం తెలుసు? దాచుకోవాల్సింది నేను. ఈ రోజుకీ అమ్మ మొహం కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. గొంతు మాత్రం ఎంత ప్రయత్నించినా వినబడదు.

అందుకని ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు ఒక పని చెయ్యి. పిన్ని నీకు పంపిన వాయిస్ మెసేజ్‌లన్నీ ఒకచోట చేర్చి పెన్‌డ్రైవ్‌లో వేసుకో. తమ్ముడికో కాపీ పంపు, నాకో కాపీ పంపు. ఫోన్ మార్చినప్పుడో పాడైనప్పుడో అవి పోతే తిరిగి రావు. పిన్ని నంబరుకి తమ్ముడు ఇంకా రీచార్జ్ చేయిస్తున్నాడని విన్నాను, మంచి పని. కానీ రీచార్జ్ ఒక్కటీ చాలదు. వాట్సాప్ 120 రోజులు వాడకపోతే ఖాతా తీసేస్తారు, కాబట్టి ఆ ఫోన్ అప్పుడప్పుడూ ఛార్జింగ్ పెట్టి, నెట్‌కి కలిపి, వాట్సాప్ తెరవమని బాబాయి దగ్గర ఉండే అబ్బాయికి చెప్పు. "చారులో ఇంగువ వెయ్యడం మర్చిపోకే" అన్న మెసేజ్ కూడా తీసెయ్యొద్దు. పనికిమాలినవి అనిపించేవే రేపు నీకు ఎక్కువ పనికొస్తాయి.

ఇంకోటి కూడా ఉంది. వంటింటి అలమరలో, పోపుల డబ్బా వెనకాల, నీలం అట్ట పుస్తకం ఒకటి చూశాను. ప్రతి పేజీ పైన "శ్రీరామ" అని రాసి, కింద పాల లెక్క, చీటీ లెక్క. పాలు రాని రోజు "లేవు" అని రాసుకునేది. ఆ లెక్కల మధ్యలో ఒకచోట, పాత సంగతి అయ్యుంటుంది, "బుజ్జికి జ్వరం తగ్గింది" అని ఒక్క ముక్క ఉంది. లెక్కతో సంబంధం లేదు, ఎవరికీ చెప్పడానికి కాదు, రాసుకుంది అంతే. ఆ పుస్తకం పాత పేపర్లతో కలిసి పోకుండా చూసుకో.

చీరల సంగతికి వస్తాను. ఏడాది తిరిగేదాకా ఏవీ పంచొద్దు. తర్వాత కూడా, అడిగినవాళ్లకి కాకుండా పిన్నిని ఎరిగినవాళ్లకి ఇవ్వు. ఏ చీర ఎవరికి ఇచ్చావో రాసిపెట్టు. కట్టి కట్టి మెత్తబడ్డ నూలు చీరలు ఎవరికీ ఇవ్వకు, వాటితో బొంతలు కుట్టించు. మన ఊళ్లో ఇంకా కుట్టేవాళ్లున్నారు. నీకొకటి, తమ్ముడి పిల్లలకొకటి. అమెరికాలో ఆ పిల్లలకి నాయనమ్మ అంటే వీడియోకాల్‌లో సగం నుదురు, సగం ఫ్యాన్. బొంత కప్పుకుని పడుకుంటే ఆ చీర అంచు పట్టుకుని చూస్తారు, "ఇదెవరిది?" అని అడుగుతారు. అడిగితే చాలు.

పదకొండో రోజున నువ్వు అమ్మ పెళ్లిచీర కోసం బీరువా అంతా గాలించావు. దొరకలేదు. ఎలకలు కొట్టేశాయని ఎప్పుడో అమ్మ చెప్పిందని అన్నావు. నేను ఏమీ అనలేదు. ఇప్పుడు చెబుతున్నాను విను. 1996 నవంబర్ 6, దీపావళికి ముందు వచ్చిన ఆ తుపాను రాత్రి. నువ్వు విశాఖపట్నంలో చదువుకుంటున్నావు. వెనక వీధిలో పూరిళ్లు లేచిపోయాయి, మీ డాబా ఒక్కటే ఆ పక్కన నిలబడ్డది. ఇరవైమందికి పైగా మీ ఇంట్లో ఉన్నారు ఆ రాత్రి. పిల్లలు తడిసి వణుకుతుంటే దుప్పట్లు చాలక పిన్ని ట్రంకుపెట్టె తెరిచి చీరలన్నీ తీసి చుట్టబెట్టింది. పైనే ఉన్నది పెళ్లిచీర. మర్నాడు ఎవరినీ తిరిగి అడగలేదు. ఈ సంగతి నాకు చెప్పింది పిన్ని కాదు, ఆ రాత్రి మీ ఇంట్లో తలదాచుకున్న ఆవిడ. ఆవిడ పన్నెండో రోజు భోజనానికి వచ్చి, వెనక అరుగు మీద కూర్చుని వెళ్లిపోయింది. నువ్వు చూసి కూడా ఉండవు.

బుజ్జీ, నేను చెప్పదలచుకున్నది అసలు ఇదే. నీకు తెలిసిన అమ్మ సగమే. మిగతా సగం మా దగ్గర ఉంది. నీకు అమ్మ, నాకు పిన్ని, మీ మేనత్త పిల్లలకి అత్తయ్య, ఆ వెనక వీధి ఆవిడకి అమ్మగారు. అందరిదీ ఒకే మనిషి, కానీ ఎవరి దగ్గర ఉన్నది వాళ్ల దగ్గరే ఉండిపోయింది. నువ్వు అడిగి తీసుకోకపోతే మాతోనే పోతుంది. నాకు అరవై ఆరు.

నా వాటా చెప్పనా? 1978లో నా ఇంటర్ అయ్యింది. మా నాన్నగారు "ఆడపిల్లకి ఇంక చదువెందుకు, సంబంధాలు చూద్దాం" అన్నారు. మా అమ్మ ఎదురు మాట్లాడలేదు. పిన్ని మాత్రం సెలవులకు అని నన్ను మీ ఊరు తీసుకెళ్లి, మర్నాడు పొద్దున్నే అమలాపురంలో టైపు ఇన్‌స్టిట్యూట్‌కి నడిపించింది. నువ్వు ఆవిడ చంకలో ఉన్నావు. ఏడాది పిల్లవి. మిషన్ల చప్పుడుకి బెదిరి ఏడుస్తుంటే ఒక చేత్తో నిన్ను జో కొడుతూ, రెండో చేత్తో కొంగు ముడి పంటితో విప్పి ఫీజు కట్టింది. గేదె పాల డబ్బులు, నోట్లన్నీ మడతలు మడతలు. లోయరు, హయ్యరు రెండూ పాసయ్యేదాకా నెల నెలా అలాగే కట్టింది. నాన్నగారికి బాబాయి కట్టారని చెప్పింది, లేకపోతే ఆయన చిన్నబుచ్చుకుంటారని. నేను ఉద్యోగం చేసి, సూపరింటెండెంట్‌గా రిటైరై, ఈ రోజు ఎవరి మీదా ఆధారపడకుండా పెన్షన్‌తో బతుకుతున్నానంటే ఆ కొంగు ముడే కారణం. నువ్వు అక్కడే ఉన్నావు, కానీ నీకు తెలీదు.

ఇలాంటివి ఇంకెందరి దగ్గర ఉన్నాయో. అడిగే పద్ధతి ఒకటుంది. "అమ్మ గురించి చెప్పండి" అని అడిగితే అందరూ "దేవతమ్మా, పుణ్యాత్మురాలు" అనేసి ఊరుకుంటారు. "అమ్మ మిమ్మల్ని ఎప్పుడైనా తిట్టిందా?", "మీ ఇంటికి వస్తే ఎక్కడ కూర్చునేది?", "మీ పెళ్లిలో ఏం పని చేసింది?" అని చిన్నగా, సూటిగా అడుగు. వారానికి ఒక్కరికి ఫోన్ చెయ్యి, చాలు. రికార్డు చేసుకుంటానని ముందే చెప్పి చెయ్యి. తర్వాత ఎవరు చెప్పారు, ఏ ఊరి సంగతి, సుమారు ఏ సంవత్సరం అన్నది రాసిపెట్టుకో. ముందు పెద్దవాళ్లతో మొదలుపెట్టు. కుర్రవాళ్లు ఆగుతారు.

అందరికన్నా ముందు బాబాయి. ఆయన మాట్లాడరని నీ కంప్లయింట్. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే మాట్లాడరు. పాత ఫోటోల డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టు, పక్కన కూర్చుని నీ పని నువ్వు చేసుకో. ఒక్కొక్కటీ తీస్తారు, తనలో తను అనుకున్నట్టు చెబుతారు. ఎవరెవరో అడిగి ఫోటో వెనక పెన్సిల్‌తో మెల్లగా రాయి. బాల్‌పెన్ను వద్దు, సిరా ముందుకి ఊరుతుంది. లామినేషన్ అసలే వద్దు, చేయిస్తే మళ్లీ ఊడదీయలేం. పగటి వెలుతురులో ఫోన్‌తో ఒక్కో ఫోటో తీసి ఉంచుకో. ఆయన్ని ఇప్పుడే హైదరాబాద్ తీసుకెళ్లిపోతానని పట్టుబట్టకు. ఆయన పొద్దున్నే లేచి రెండు గ్లాసులు తీసి, ఒకటి మళ్లీ లోపల పెట్టడం నేను చూశాను. ఆ ఇంట్లోనే ఆయనకి పిన్ని ఉంది. ఏడాది తిరగనివ్వు.

ఇంకో మాట. అమ్మని దేవతని చెయ్యకు. పిన్నికి ఎంత కోపమో నీకూ తెలుసు, నాకూ తెలుసు. అమ్మమ్మ మెడలోని నాను ఎవరికి రావాలన్న గొడవలో మా అమ్మా, పిన్నీ రెండేళ్లు మాట్లాడుకోలేదు. తప్పు ఇద్దరిదీ ఉంది. ఒక వేసవిలో పిన్ని కొత్తావకాయ జాడీ పట్టుకుని బస్సు దిగి, గుమ్మంలో నిలబడి "ఉప్పు చూడు" అంది మా అమ్మతో. అంతే, ఇంకే మాటా లేదు. అమ్మ వేలు పెట్టి నాకి "సరిపోయింది" అంది. ఆ కోపం కూడా నీ పిల్లలకి చెప్పు. పటంలో దండ వేసుకుని నవ్వే ఆవిడ వాళ్లకి ఎవరూ కారు. అలిగి, బస్సెక్కి, జాడీతో దిగిన అమ్మమ్మ అయితే వాళ్లకి తెలిసిన మనిషిలా ఉంటుంది.

నువ్వు ఆలస్యంగా వచ్చానని ఇంకా కుమిలిపోతున్నావు. ఆ రాత్రి ఆస్పత్రిలో నేను పక్కనే ఉన్నాను కదా. పిన్ని నీకోసం కలవరించలేదు. "దానికి పిల్లల పరీక్షలు, కంగారు పెట్టకండి" అంది. తర్వాత మంచినీళ్లు అడిగింది, నిద్రపోయింది. నిన్ను ఓదార్చడానికి కల్పించి చెప్పడం లేదు, జరిగింది జరిగినట్టు చెబుతున్నాను. పెళ్లయిన ఆడపిల్లకి అమ్మ సూతకం మూడు రోజులే అంటారు. మూడు రోజులకే నువ్వు మామూలైపోవాలని ఎవరైనా అనుకుంటే అనుకోనీ. ఎనిమిది నెలలైనా బజార్లో కరివేపాకు వాసనకి కళ్లనీళ్లు వస్తే రానీ, తుడుచుకుని కూరలు కొనుక్కుని ఇంటికి వెళ్లు.

ఆబ్దికం లెక్క తమ్ముడికి ఇప్పుడే చెప్పు, టికెట్ తీసుకోవాలి కదా. కార్తీక బహుళ దశమి కిందటేడు నవంబర్ మధ్యలో వచ్చింది. ఈ ఏడు అధిక జ్యేష్ఠం రావడంతో డిసెంబర్ మొదటి వారానికి జరిగింది. ఇంగ్లిషు తారీఖు పట్టుకుని సెలవు పెడితే తిథికి అందడు. మంత్రం తమ్ముడు చెబుతాడు, స్వయంపాకం నువ్వు నీ చేతులతో ఇవ్వు. వచ్చే ఏడాది, 2027లో, గోదావరి పుష్కరాలు. 2015 పుష్కరాల్లో పిన్నీ నేనూ కలిసే మునిగాం, నా చెయ్యి గట్టిగా పట్టుకుని. ఈసారి నువ్వు రా. మొదటి రోజు వద్దు, జనం తగ్గాక వెళ్దాం.

అమ్మ పేరున ఏదైనా చేయాలని ఉందన్నావు. గుళ్లో ఫ్యాన్ కొని రెక్కల మీద పేరు రాయించడం నాకిష్టం లేదు. మీ ఊళ్లో చదువు ఆగిపోయేలా ఉన్న ఆడపిల్ల ఒకర్తెని చూడు. ఫీజు నువ్వు కట్టు. ఎవరు కట్టారో ఆ పిల్ల వాళ్ల నాన్నకి తెలియక్కర్లేదు.

ఇంక ఆవకాయ. నేను చెప్పిన కొలత తప్పు కాదు, సోలే వేరు. నువ్వు కొలిచింది బజార్లో కొన్న స్టీలు సోలతో. పిన్ని కొలిచేది అమ్మమ్మ ఇత్తడి సోలతో. దాని అంచు ఒక పక్క లోపలికి నొక్కుకుపోయింది, అడుగున చుక్కలు చుక్కలుగా అమ్మమ్మ పేరు కొట్టి ఉంటుంది. ఆ నొక్కు దాకానే ఆవపిండి పోసేది, తల కొట్టేది కాదు. కారం మాత్రం గోపురంగా పోసేది. అంటే పిన్ని చెప్పే సోలా సోలా సమానం కాదు, ఆవపిండి తక్కువ, కారం ఎక్కువ. పుష్కరాలకి వచ్చినప్పుడు ఆ సోల నా దగ్గర పెట్టి వెళ్లింది, "బుజ్జి ఇప్పుడే తీసుకెళ్తే పోగొడుతుంది, అడిగినప్పుడు ఇవ్వు" అని. నువ్వు మేలో అడిగింది దాని గురించేనని నాకు వెంటనే తట్టలేదు.

చింతపండు వేసి తోమించి ఉంచాను. ఆబ్దికానికి రెండు రోజుల ముందే రాజమండ్రిలో దిగు, ఇద్దరం కలిసి ఊరు వెళ్దాం. వచ్చేటప్పుడు నువ్వు పెట్టిన ఆవకాయ ఒక చిన్న సీసాలో తీసుకురా, ఉప్పు చూస్తాను.

ఆశీస్సులతో,
అక్క