ఏటిగట్టూ బ్యాంకే, సొమ్ము దాచే చోటూ బ్యాంకే

ఇంగ్లీషు మాటల మీద పాఠకుల సందేహాలకు సమాధానాలిచ్చే ఈ శీర్షికకు ఈసారి గోదావరి డెల్టా నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ‘బ్యాంక్’ అనే ఒక్క మాట చుట్టూనే ఉన్నాయి. అందుకే మిగిలిన మాటలను పక్కన పెట్టి, ఆ ఉత్తరాలనే ఇక్కడ వరుసగా తీసుకుంటున్నాను.

ప్రశ్న: మా వైపు ఒక పంట కాలువను అందరూ బ్యాంకు కెనాల్ అంటారు. పంట రుణమిచ్చే బ్యాంకుకూ ఈ కాలువకూ సంబంధమేమిటని పదో తరగతి చదివే మా అబ్బాయి అడిగాడు. ఈ రెండింటిలో అసలు అర్థం ఏది?
— ఒక రైతు, పశ్చిమ డెల్టా

జవాబు: రుణానికీ కాలువకూ సంబంధం లేదు. ఆ పేరులోని బ్యాంక్‌కు అర్థం గట్టు. గోదావరి గట్టు వారగా సాగే కాలువ కాబట్టి నీటిపారుదల ఇంజినీర్ల కాగితాల్లో దానికి ఆ పేరు పడింది, కాగితాల్లోని పేరే రైతుల నోట నిలిచింది. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతోనూ, దాని వెంట తవ్విన కాలువలతోనూ ఇలాంటి మాటలు డెల్టాలోకి చాలానే వచ్చాయి. ‘లాకుల దగ్గర బస్సు దిగండి’ అని దారి చెప్పే మనిషికి లాకు ఇంగ్లీషు మాటన్న స్పృహే ఉండదు. రాకపోకలు ఒకవైపే జరగలేదు. కాటన్ కాలపు ఇంగ్లీషు ఇంజినీర్లు ఆనకట్టను ‘యానికట్’ అని రాసుకున్నారు, అది తమిళంలోని అణైక్కట్టు నుంచి వారు తీసుకున్న మాట.

ఇక ఏది అసలు అర్థమన్న సంగతి. ఇంగ్లీషులో గట్టు అనే అర్థమే పాతది. అది జర్మానిక్ భాషల నుంచి, బహుశా స్కాండినేవియా వారి నోటి మీదుగా, మధ్యయుగాల్లోనే ఇంగ్లీషులో చేరింది. సొమ్ముకు సంబంధించిన బ్యాంక్ 15వ శతాబ్దం చివర ఇటలీ, ఫ్రాన్సుల మీదుగా వచ్చింది. ఇటలీ నగరాల్లో నాణేలు మార్చే వర్తకులు ముందు బల్ల వేసుకొని లావాదేవీలు నడిపేవారు, ఆ బల్లను ‘బాంకా’ అనేవారు. అయితే ఆ బాంకా కూడా ఇటాలియన్ వారు జర్మానిక్ భాషల నుంచి తెచ్చుకున్నదే, మనం బడిలో కూర్చునే బెంచీ కూడా ఆ వంశంలోదే. కాబట్టి గట్టు బ్యాంకూ సొమ్ము బ్యాంకూ ఒకే తాతకు పుట్టి వేర్వేరు ఊళ్లలో పెరిగి, చివరికి ఇంగ్లీషు ఇంట కలుసుకున్న దాయాదుల వంటివి. నిఘంటువులు వీటిని రెండు వేర్వేరు పదాలుగా చూపడానికి కారణం అదే.

మీ అబ్బాయికి మరొక సంగతి కూడా చెప్పవచ్చు. దివాలా తీసినవాడిని ఇంగ్లీషులో ‘బ్యాంక్రప్ట్’ అంటారు, దానికి మూలమైన ఇటాలియన్ మాటకు విరిగిన బల్ల అని అర్థం. మన జిల్లాల్లో ‘ఫలానా వాడు ఐపీ పెట్టాడు’ అనుకునే సందర్భమంతా ఇదే. ఆ మాటను విశేషణంగా వాడాలని మాత్రం అతనికి గుర్తు చేయండి. ‘హీ వెంట్ బ్యాంక్రప్ట్’ అనాలి, దివాలా అనే నామవాచకం కావలసినప్పుడు ‘బ్యాంక్రప్ట్సీ’ అనాలి.

ప్రశ్న: నరసాపురం వశిష్ఠ గోదావరికి కుడి గట్టున ఉందని పాఠ్యపుస్తకంలో ‘రైట్ బ్యాంక్’ అని చదివాను. కానీ మా రేవులో నది వైపు తిరిగి నిలబడితే ఊరు వీపు వెనుక ఉంటుంది. ఇక కుడి ఎడమలు ఎలా తేల్చాలి? అలాగే బ్యాంక్, షోర్, కోస్ట్, బీచ్ అన్నిటికీ తెలుగులో ఒడ్డు అనే రాస్తున్నాం. వాటికి తేడా ఉందా?
— డిగ్రీ విద్యార్థిని, నరసాపురం

జవాబు: కుడి ఎడమలను మనం నిలబడిన చోటును బట్టి కాక, నీరు పోయే దిక్కును బట్టి తేల్చాలి. నది ఎటు ప్రవహిస్తుందో అటు ముఖం పెట్టినప్పుడు కుడి చేతి వైపున ఉన్నది రైట్ బ్యాంక్, ఎడమ చేతి వైపున ఉన్నది లెఫ్ట్ బ్యాంక్. మీరు సఖినేటిపల్లి నుంచి పంటు ఎక్కినప్పుడు నడి గోదావరిలో ఒక్కసారి సముద్రం వైపు తిరిగి నిలబడండి, నరసాపురం కుడిచేతికీ, సఖినేటిపల్లి ఎడమచేతికీ వస్తాయి. ఎగువన రాజమహేంద్రవరం ఎడమ గట్టుదైతే కొవ్వూరు కుడి గట్టుది. తమాషా అంతా కోనసీమతోనే. ధవళేశ్వరం దిగువన నది గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలడం వల్ల ఆ సీమ గౌతమికి రైట్ బ్యాంక్, వశిష్ఠకు లెఫ్ట్ బ్యాంక్ అవుతుంది. అందువల్ల ఏ పాయను గురించి చెబుతున్నామో పేర్కొనకుండా కోనసీమను కుడి గట్టనో ఎడమ గట్టనో రాస్తే ఆ వాక్యం అసంపూర్ణమే. నది పేరుకు ముందు ‘ది’ చేర్చడం కూడా మరవకండి. ‘నర్సాపూర్ స్టాండ్స్ ఆన్ ది రైట్ బ్యాంక్ ఆఫ్ ది వశిష్ఠ’ అని రాయాలి.

ఇక్కడ మీరు అడగని ఒక విషయాన్ని కూడా చెప్పక తప్పదు, ఎందుకంటే వరదల రోజుల్లో ఇంగ్లీషు వార్తలను తెలుగు చేసేటప్పుడు ఎక్కువ పొరపాట్లు దొర్లేది దీనిలోనే. ‘ది రివర్ బర్స్ట్ ఇట్స్ బ్యాంక్స్’ అన్న వాక్యం కనిపించగానే గట్లు తెగాయని రాసేస్తారు. ఆ ఇంగ్లీషు వాక్యానికి నది ఒడ్లు దాటి పొంగిందనే తప్ప, మట్టిగట్టు ఎక్కడో కోసుకుపోయిందని అర్థం రానక్కరలేదు. మన డెల్టాలో ఈ తేడా చాలా పెద్దది. లంక గ్రామాలు ఏటిగట్టుకు లోపల, అంటే నదికీ గట్టుకీ నడుమ ఉంటాయి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది ఇస్తారు. ఆ క్రమంలో నది తన సహజమైన ఒడ్డును దాటి లంకల కాజ్‌వేలనూ, అరటి తోటలనూ, ఇళ్లనూ ముంచినా, గట్టుకు ఇవతల ఉన్న ఊళ్లలో చుక్క నీరు రాకపోవచ్చు. బ్యాంక్ అన్న ఒక్క మాట నది సహజమైన ఒడ్డుకూ, మనుషులు పోసిన గట్టుకూ రెండింటికీ చెల్లుతుంది కనుకే ఈ తికమక. గట్టుకు గండి పడితే ‘బ్రీచ్’ అనే మాట రావాలి: ‘ది ఫ్లడ్ బ్యాంక్ వాజ్ బ్రీచ్డ్’. 1986 ఆగస్టు వరదలో గండ్లు పడినప్పుడు జరిగింది అది. వార్తలో బ్రీచ్ అన్న మాట లేకుండా గండి పడిందని అనువదించడం, గట్టు దిగువ ఊళ్ల వారిని ఊరికే హడలగొట్టడమే.

ఇక మిగిలిన మూడు మాటలు. బ్యాంక్ నదికీ కాలువకూ చెందినది, షోర్ సముద్రానికీ పెద్ద సరస్సుకూ చెందినది. వశిష్ఠ వెంట అంతర్వేది దాకా నడిచినంతసేపూ మీరు బ్యాంక్ మీద ఉంటారు, నది సముద్రంలో కలిసిన చోటు దాటి కడలి అంచు వెంట తిరిగితే షోర్ మీద ఉంటారు. అక్కడ అలలు తాకే ఇసుక మేర బీచ్. పటంలో కనబడే సముద్ర తీరమంతా కోస్ట్, మనం కోస్తా జిల్లాలు అనడంలోని మాటకు అది చుట్టమే. కొల్లేరు అంచును షోర్ అంటేనే బాగుంటుంది.

ప్రశ్న: రొయ్యల చెరువు గట్టును ఇంగ్లీషులో బండ్ అని రాస్తున్నాం. ఇంగ్లండులో ఉన్న బంధువు అది తప్పు, బ్యాంక్ అనాలి అంటున్నాడు.
— ఆక్వా రైతు, భీమవరం

జవాబు: మీదీ తప్పు కాదు. బండ్ అనేది పారశీకం నుంచి హిందుస్తానీలోకి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన మాట. ఇంగ్లీషు నిఘంటువుల్లోనూ ఉంది. హైదరాబాదు ట్యాంక్ బండ్ మాత్రమే కాదు, చైనాలోని షాంఘై నగరంలో నది ఒడ్డున ఉన్న ప్రసిద్ధమైన బండ్‌కు కూడా ఆ పేరు ఈ మాట నుంచే వచ్చింది. మన దేశంలో అధికారులకు రాసే అర్జీలో చేను గట్టుకూ చెరువు గట్టుకూ బండ్ అనడమే స్పష్టంగా ఉంటుంది. విదేశీ కొనుగోలుదారుకు రాసేటప్పుడు మాత్రం ‘పాండ్ బ్యాంక్’ అంటే సులువుగా అర్థమవుతుంది.

ప్రశ్న: బ్యాంకు ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నాను. ఇన్ ది బ్యాంక్, ఎట్ ది బ్యాంక్, ఆన్ ది బ్యాంక్, బ్యాంక్ ఆన్, బ్యాంక్ విత్ అన్నీ కలగాపులగం అయిపోతున్నాయి. ఏవైనా సూత్రాలు చెప్పగలరా?
— నిరుద్యోగి, అమలాపురం

జవాబు: సూత్రాలు బట్టీ పట్టడం కన్నా మాట పక్కన ఏముందో చూడడం అలవాటు చేసుకోండి. ‘ఆన్ ది బ్యాంక్’ అని కనబడితే నూటికి తొంభై పాళ్లు అది గట్టు మీద అనే. ‘హీ శాట్ ఆన్ ది బ్యాంక్ అండ్ కౌంటెడ్ హిజ్ మనీ’ అన్న వాక్యంలో డబ్బు మాట ఉన్నా, ఆ మనిషి కూర్చున్నది కాలువ గట్టు మీదే. సొమ్ము ఖాతాలో ఉందనడానికి ‘ఇన్ ది బ్యాంక్’ అంటారు. పని మీద బ్యాంకుకు వెళ్లి ఉన్నప్పుడు ‘ఐ యామ్ ఎట్ ది బ్యాంక్’ అనడం సహజం. తెలుగులో ‘బ్యాంకులో ఉన్నాను’ అంటాం కాబట్టి మనకు ‘ఇన్’ ముందుగా నోటికి వస్తుంది. అదీ తప్పు కాదుగానీ, భవనం లోపల ఉన్నానని నొక్కి చెప్పినట్టు అవుతుంది.

క్రియగా వాడినప్పుడు వరస మారుతుంది. ‘టు బ్యాంక్ ఎ చెక్’ అంటే చెక్కును ఖాతాలో జమ చేయడం. ‘టు బ్యాంక్ విత్’ అంటే ఫలానా బ్యాంకులో ఖాతా కలిగి ఉండడం. ‘మై ఫాదర్ బ్యాంక్డ్ విత్ ఆంధ్రా బ్యాంక్’ అన్న వాక్యంలో క్రియ భూతకాలంలో ఉండటం సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే గుండుగొలనులో పుట్టిన భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. ఆ వాక్యంలో ఆంధ్రా బ్యాంక్ ముందు ‘ది’ లేదు, గమనించండి. రిజర్వు బ్యాంకుకు మాత్రం ‘ది రిజర్వ్ బ్యాంక్ ఆఫ్ ఇండియా’ అని చేర్చాలి.

‘బ్యాంక్ ఆన్’ అంటే నమ్ముకోవడం, ఆశ పెట్టుకోవడం. ఇది ఎక్కువగా వద్దని చెప్పే సందర్భంలో వస్తుంది. దాళ్వాకు నీళ్లిస్తారని నమ్ముకొని కూర్చోవద్దు అన్నదాన్ని ‘డోంట్ బ్యాంక్ ఆన్ వాటర్ ఫర్ ది సెకండ్ క్రాప్’ అంటారు. క్రియ వెంటనే ‘ఆన్’ వస్తే నమ్మకం, ‘ఆన్’ తరువాత ‘ది బ్యాంక్’ వస్తే గట్టు. పరీక్షల్లో అడిగేది ఎక్కువగా ఈ రెండింటినే. ‘బ్యాంక్ ఎ ఫైర్’ అన్నది అరుదు, దానికి తెలుగు మన నోట్లోనే ఉంది: నిప్పు ఆరిపోకుండా నివురు కప్పి ఉంచడం. ఆకాశంలో విమానం మలుపు తీసుకుంటూ ఒక పక్కకు ఒరిగినా ‘బ్యాంక్’ అనే అంటారు.

ప్రశ్న: బ్లడ్ బ్యాంక్, ఓటు బ్యాంక్, బ్యాంక్ హాలిడే వంటి వాటిలో బ్యాంక్‌కు ఒకే అర్థమేనా? క్లౌడ్ బ్యాంక్ అనేది కూడా ఒకచోట చదివాను.
— ఉపాధ్యాయిని, రాజమహేంద్రవరం

జవాబు: మొదటి రెండింటికీ మూలం సొమ్ము బ్యాంకే. అవసరానికి తీసుకునేందుకు ముందుగా నిల్వ చేసిన చోటు అనే అర్థంలో బ్లడ్ బ్యాంక్ అనే పేరును 1937లో షికాగోలో బెర్నార్డ్ ఫాంటస్ అనే వైద్యుడు వాడుకలోకి తెచ్చాడు. ఐ బ్యాంక్, క్వశ్చన్ బ్యాంక్ అదే బాటలో నడిచాయి. ఓటు బ్యాంక్ మన దేశపు సృష్టి, 1950లలో సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ రచనల ద్వారా ప్రచారంలోకి వచ్చింది. నేడు రాజకీయ వ్యాసాల్లో అది ఎత్తిపొడుపుగానే వస్తోంది కనుక, పిల్లల చేత తటస్థంగా రాయించవలసిన వ్యాసాల్లో దాన్ని వాడించకపోవడం మేలని నా అభిప్రాయం. క్లౌడ్ బ్యాంక్ మాత్రం గట్టు వైపుది: తూర్పున సముద్రం మీద గట్టు పోసినట్టు బారుగా నిలిచే మబ్బు. ఇసుక మేటను ‘శాండ్‌బ్యాంక్’ అనడమూ అంతే.

బ్యాంక్ హాలిడే విషయంలో జాగ్రత్త అవసరం. బ్రిటన్‌లో 1871లో వచ్చిన ఒక చట్టంతో మొదలైన ఆ మాటకు అక్కడ అందరికీ సెలవు అనే అర్థం స్థిరపడింది. మన దగ్గర బ్యాంక్ హాలిడే అంటే బ్యాంకులు మూసి ఉండే రోజు, అంతే. ఆ రోజున బడి ఉండవచ్చు.

ప్రశ్న: తెలుగులో బ్యాంకు అని రాయాలా, బ్యాంక్ అనా, బేంకు అనా?
— ఒక పాఠకుడు, తణుకు

జవాబు: మూడూ వాడుకలో ఉన్నాయి. తెలుగు వాక్యంలో విభక్తులు చేర్చవలసి ఉంటుంది కనుక బ్యాంకు అన్నదే హాయిగా నడుస్తుంది: బ్యాంకులో, బ్యాంకుకు, బ్యాంకుల. సంస్థ పేరులో భాగమైనప్పుడు బ్యాంక్ అని హలంతంగా రాస్తే సరిపోతుంది. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు మాత్రం చివర ఉకారం వినిపించకూడదు. మధ్యలోని అనునాసికాన్ని ‘అంకె’లోని సున్నలాగే పలకాలి, దానికోసం నాలుకకు వేరే శిక్షణ అక్కరలేదు.