పాడింది వాళ్ళు, పేరేమో వీళ్ళది!

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకే పాట చుట్టూ తిరిగాయి. ఇంగ్లండ్ బృందం క్లీన్ బాండిట్ వాళ్ళ ‘రాకబై’. 2016 అక్టోబర్‌లో వచ్చిన పాట ఇప్పుడు మళ్ళీ అందరి చెవిన ఎందుకు పడిందో నాకైతే తెలీదు, రీల్స్ పుణ్యమేమో. సరే, ఒక్కొక్కటీ చూద్దాం.

‘రాకబై’ పాడింది సీన్ పాల్, ఆన్-మేరీ. పాట మాత్రం క్లీన్ బాండిట్‌ది అంటారు, వీళ్ళిద్దరి పేర్లు ‘ఫీచరింగ్’ (అంటే అతిథులట) అని వెనక తగిలిస్తారు. నోరు విప్పనివాళ్ళది పాటెలా అవుతుంది సార్?
– డిగ్రీ విద్యార్థి, విజయవాడ

తమ్ముడూ, బాలు గారు పాడిన పాటని మీ ఇంట్లో ఏమంటారో ఒకసారి గుర్తు తెచ్చుకో. ‘చిరంజీవి పాట’ అంటారు. మీ నాన్నగారికి కాస్త సంగీతం పిచ్చి ఉంటే ‘ఇళయరాజా పాట’ అంటారు. పాడినాయన పేరు ఆ తర్వాత ఎప్పుడో వస్తుంది. కాబట్టి ఈ విషయంలో మనం ఇంగ్లండ్ వాళ్ళని తప్పు పట్టే స్థితిలో లేం.

ఎలక్ట్రానిక్ డ్యాన్స్ మ్యూజిక్‌లో పాట దాన్ని కట్టినవాళ్ళది. బీటు ఎలా నడవాలి, ఏ శబ్దం ఎక్కడ రావాలి, గొంతు ఎక్కడ ఆగి వాయిద్యం ఎక్కడ అందుకోవాలి, ఇదంతా ప్రొడ్యూసర్ పని. (అక్కడ ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టేవాడు కాదు, మన సంగీత దర్శకుడిలాంటివాడు.) క్లీన్ బాండిట్ కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో చదువుకుంటూ కలిసిన పిల్లల బృందం. గ్రేస్ చాటో చెల్లో (పెద్ద వయొలిన్ లాంటిది) వాయిస్తుంది, జాక్ ప్యాటర్సన్ కీబోర్డూ ప్రొడక్షనూ చూస్తాడు, అతని తమ్ముడు లూక్ డ్రమ్స్. మొదట్లో ఒక పాటలో మోజార్ట్ క్వార్టెట్‌ని (నాలుగు వాయిద్యాల పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం) తీసుకొచ్చి డ్యాన్స్ బీటులో కలిపేశారు, అదీ వాళ్ళ తరహా. వాళ్ళకి సొంత గాయకులు లేరు, ప్రతి పాటకీ కొత్త గొంతుని పిలుస్తారు. 2014లో ‘రాదర్ బీ’కి జెస్ గ్లిన్‌ని పిలిచారు, ఆ పాటకి గ్రామీ కూడా వచ్చింది. రెండేళ్ళకి ‘రాకబై’, ఈసారి ఇద్దరు. ఎసెక్స్ అమ్మాయి ఆన్-మేరీ అప్పుడే పైకొస్తోంది, జమైకా సీన్ పాల్ అప్పటికే పెద్ద పేరు. బ్రిటన్‌లో తొమ్మిది వారాలు నంబర్ వన్, అందులో క్రిస్మస్ వారం కూడా ఉంది. అక్కడ క్రిస్మస్ నంబర్ వన్ అంటే మనకి సంక్రాంతి హిట్టు లెక్క.

పాట రాసింది కొందరు కలిసి, నార్వే రచయిత్రి ఈనా వ్రోల్డ్‌సెన్ అందులో ఒకరు. భర్త తోడు లేకుండా బిడ్డని పెంచుకుంటున్న ఒక తల్లి గురించిన పాట అది. ‘రాకబై’ అంటే ఇంగ్లిష్‌లో జోలపాట మాట, అలాంటి జోలపాటని తీసుకొచ్చి క్లబ్బులో ఎగిరే పాట చేయడం నాకు మొదటిసారి విన్నప్పుడు కొంచెం ఎబ్బెట్టుగానే అనిపించింది, నాలుగోసారికి అలవాటైపోయింది.

పాట మొదట్లోనే సీన్ పాల్ తన పేరూ మిగతావాళ్ళ పేర్లూ చెప్పేస్తాడేంటి? సొంత డబ్బాలా ఉంది.
– గృహిణి, వరంగల్

డబ్బానే అండీ, కాకపోతే వాళ్ళ ఊరి పద్ధతి. జమైకాలో వీధుల్లో సౌండ్ సిస్టమ్‌లు పెట్టేవాళ్ళు, పెద్ద పెద్ద బాక్సులు, మనవాళ్ళు ఊరేగింపులో లారీ మీద కట్టినట్టే. అక్కడ రికార్డులు వేసేవాణ్ణి సెలెక్టర్ అంటారు. మైకు పట్టుకుని బీటు మీద మాటలు విసిరేవాణ్ణి డీజే అంటారు. అవునండీ, అక్కడ డీజే అంటే నోరున్నవాడు! మైకు అందుకోగానే నేనెవరు, నా పక్కన ఎవరున్నారు అని చెప్పుకోవడం ఆ సంప్రదాయంలో భాగం. మన బుర్రకథ దళం కూడా వచ్చీ రాగానే కథలోకి దూకేయదు కదా. ఆ సంగీతాన్ని డ్యాన్స్‌హాల్ అంటారు, సీన్ పాల్ ఆ బడిలోంచి వచ్చినవాడు, అందుకే ‘అతిథి’ అని పిలిచినా ఇంటాయనలా తలుపు తీసి అందరినీ పరిచయం చేస్తాడు.

‘లీన్ ఆన్’ పాట వీడియో ఇండియాలో తీశారంటున్నాడు మా తమ్ముడు. అయితే పాడినామె మనమ్మాయేనా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

వీడియో వరకు మీ తమ్ముడు గెలిచాడు, తీసింది ఇండియాలోనే. పాడింది మాత్రం డెన్మార్క్ అమ్మాయి, వేదిక పేరు మో. మేజర్ లేజర్ బృందం, ఫ్రాన్స్‌కి చెందిన డీజే స్నేక్ కలిసి 2015 మార్చిలో వదిలారు. మొదట ఇది రెగ్గే (జమైకా సంగీతం) తరహాలో ఇంకా నెమ్మదిగా ఉండేదట. రిహానాకీ, నిక్కీ మినాజ్‌కీ వినిపిస్తే ఇద్దరూ వద్దన్నారని మేజర్ లేజర్‌లోని డిప్లో తర్వాత చెప్పాడు. చివరికి రాయడంలో చెయ్యి వేసిన అమ్మాయి గొంతుతోనే బయటికొచ్చి, అదే ఏడాది నవంబర్‌కల్లా స్పాటిఫైలో అప్పటివరకు అందరికన్నా ఎక్కువసార్లు విన్న పాట అయి కూర్చుంది.

ఈ రంగంలో ఇలాంటివి మామూలే. ‘టైటానియం’ పాట ఆస్ట్రేలియా గాయని సియా వేరే గాయకుల కోసం రాసింది, నమూనాకని తనే పాడి పంపింది. ఫ్రాన్స్ ప్రొడ్యూసర్ డేవిడ్ గెట్టా ఆ గొంతునే ఉంచి 2011లో పాట వదిలేశాడు.

మా అబ్బాయి ఇంజినీరింగ్ మూడో ఏడు, ల్యాప్‌టాప్‌లో పాటలు చేస్తుంటాడు. మొన్న క్లాస్‌మేట్ అమ్మాయితో పాడించి, తన ఒక్కడి పేరే వేసి ఆన్‌లైన్‌లో పెట్టాడు. ఆ అమ్మాయి అలిగింది. వీడేమో ‘బీటంతా నాదే కదా’ అంటాడు. తప్పెవరిది?
– ఒక తల్లి, కాకినాడ

మీవాడిదేనమ్మా, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

ఇది ముప్పై ఏళ్ళకి పైగా నలిగిన పంచాయితీ. 1989లో ఇటలీ బృందం బ్లాక్ బాక్స్ ‘రైడ్ ఆన్ టైమ్’ అని ఒక పాట తెచ్చింది. వీడియోలో ఒక మోడల్ పెదాలు ఆడించింది. వినిపించిన గొంతు మాత్రం లొలియాటా హాలోవే అనే అమెరికన్ గాయనిది, 1980 నాటి ఆమె రికార్డులోంచి కత్తిరించి తీసుకున్నది. పాట బ్రిటన్‌లో ఆ ఏడాది అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైంది, పేరేమో ఆమెది లేదు. మరుసటి ఏడాది అమెరికాలో సీ అండ్ సీ మ్యూజిక్ ఫ్యాక్టరీ వాళ్ళు ‘గొన్నా మేక్ యూ స్వెట్’ చేశారు. అందులో గుండెలదిరేలా అరిచింది మార్తా వాష్, వీడియోలో కనిపించింది ఇంకొకామె. మార్తా వాష్ ఊరుకోలేదు, కోర్టుకెక్కింది. చివరికి రాజీ కుదిరింది, గొంతు ఎవరిది, కనిపించేది ఎవరు అని విడిగా చెప్పాల్సి వచ్చింది. ఈ రోజు పాట పేరు పక్కన ‘ఫీచరింగ్’ అని పడుతోందంటే అందులో ఆవిడ పోట్లాట పాలు చాలానే ఉంది.

మన దేశంలోనూ చట్టం ఆ అమ్మాయి వైపే ఉంది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించినప్పుడు, పాడింది నేనే అని పేరు వేయించుకునే హక్కూ, రికార్డింగుని వ్యాపారానికి వాడితే రాయల్టీ అడిగే హక్కూ ప్రదర్శన ఇచ్చినవాళ్ళకి దక్కాయి. మరుసటి ఏడాదే గాయకులు కలిసి ఇస్రా అనే సంఘం పెట్టుకున్నారు.

మీవాణ్ణి మూడు పనులు చేయమనండి. పాట అప్‌లోడ్ చేసిన చోట ‘ఫీచర్డ్ ఆర్టిస్ట్’ అని ఒక గడి ఉంటుంది, అందులో ఆ అమ్మాయి పేరు ఎక్కించమనండి. అలా చేస్తే పాట ఆమె పేజీలో కూడా కనిపిస్తుంది, ఆమెని వినేవాళ్ళు ఇతన్నీ వింటారు, నష్టమేమీ లేదు. ట్యూను గానీ మాటలు గానీ ఆమె కూడా కల్పించి ఉంటే రాసినవాళ్ళ జాబితాలో పేరు విడిగా వేయాలి, పాడటం వేరు, రాయడం వేరు. డబ్బులొస్తే ఎవరికెంత అనేది ఒక మెయిల్‌లోనైనా రాసుకోమనండి, ఇప్పుడు వచ్చేది టీ ఖర్చులకి చాలకపోయినా సరే. అన్నిటికన్నా ముందు వెళ్ళి సారీ చెప్పమనండి.

అన్నా, మా అన్న బరాత్‌లో ‘రాకబై’ పెట్టమంటే డీజే నవ్విండు. ఎందుకు?
– కరీంనగర్ నుంచి

నిమిషానికి వంద దెబ్బల దగ్గర నడిచే పాట తమ్ముడూ అది, క్లబ్బుల్లో ఆడే హౌస్ మ్యూజిక్కే 120 దాటి పోతుంది. తీన్మార్ వేడిలో ఉన్నోళ్ళ మధ్యలో అది వేస్తే అందరూ నీళ్ళ బాటిల్ కోసం పక్కకి పోతారు. పెళ్ళికొడుకు గుర్రం దిగినాక, భోజనాల దగ్గర పెట్టించు.